ఎండకముందే గీకాలి

నేను మొదటిసారి ఒక బొమ్మను గీకేసింది విసుగుతో. ఎనభైల చివరి రోజులు. సూర్యాపేటలో ఒక ప్రైవేటు బడిలో డ్రాయింగు టీచరుగా చేసేదాన్ని. మా ఆయన బస్సు కండక్టరు. కొత్తగా పెళ్లయి, కిరాయికి రెండు గదులు తీసుకుని ఉన్నాం. బడి వార్షికోత్సవానికి స్టేజీ మీద పెట్టడానికి పెద్ద బొమ్మ ఒకటి వేసిమ్మన్నారు హెడ్‌మాస్టరు. ఏ బొమ్మ కావాలో కూడా ఆయనే చెప్పారు. వెనక కొండలు, కొండల నడుమ పొద్దు, ముందు పొలంలో వంగి నాట్లేసే ఆడవాళ్లు.

మనిషి ఎత్తు హార్డ్‌బోర్డు ఒకటి తెప్పించి, దానికి ముందు ఎర్రటి పూత వేశాను. కింద ఎరుపుంటే పైన పడే పొద్దుకు వెచ్చదనం వస్తుందని డ్రాయింగు టీచరు శిక్షణలో నేర్పారు. ఆ పైన పసుపు, ఆ పైన ఆకుపచ్చ. కొండలు వచ్చాయి, పొద్దు వచ్చింది. ఆడవాళ్లు మాత్రం రాలేదు. ఎన్నిసార్లు దిద్దినా వంగిన మనుషుల్లా కాక పొలంలో వరుసగా పెట్టిన బండరాళ్లలా ఉన్నారు. ఆదివారం మధ్యాహ్నం, చెమటలు కారుతుండగా, చేతికందిన స్టీలు స్కేలు తీసుకుని పొలాన్ని ఈ చివర నుంచి ఆ చివరకు ఒక్క లాగు లాగేశాను.

పచ్చి రంగు స్కేలు అంచుకు ముద్దగా చుట్టుకుని వచ్చింది. బోర్డు మీద ఆకుపచ్చ పోయిన చోట పసుపు, పసుపు చిరిగిన చోట ఎరుపు బయటపడ్డాయి. ఎక్కడ ఏది వచ్చినా అది నేను అనుకున్నది కాదు. ఇంకో లాగు లాగాను. కొండలు పోయాయి. తర్వాత పొద్దు కూడా.

డ్యూటీ దిగి వచ్చిన మా ఆయన భుజానికున్న సంచి కూడా తీయకుండా గుమ్మంలో నిలబడిపోయాడు.

"మంచిగనే ఉండె గదా, ఎందుకు గీకినవ్?"

"మంచిగ లేకుండె."

"మరి గిప్పుడు మంచిగున్నదా?"

అన్నం పెడుతూ కూడా తల తిప్పి తిప్పి ఆ బోర్డు వైపే చూశాను. హైదరాబాదులో శిక్షణకు ఉన్నప్పుడు నేనూ, నా స్నేహితురాలూ ఒక ప్రదర్శనకు వెళ్లాం. గోడల నిండా ఇలాంటివే, రంగు మీద రంగు, గీరిన గుర్తులు, మనిషీ చెట్టూ ఏదీ లేదు. వీటికి పేర్లెందుకు, నంబర్లు వేస్తే సరిపోదా అని నవ్వుకుంటూ బయటికొచ్చాం. ఆ నవ్వు ఇప్పుడు గుర్తొచ్చి చెవులు వేడెక్కాయి.

హెడ్‌మాస్టరుకు వేరే బోర్డు మీద కొండలూ పొద్దూ వేసిచ్చాను. ఆడవాళ్ల బదులు కొబ్బరిచెట్లు పెట్టాను. అందరూ మెచ్చుకున్నారు. గీకిన బోర్డు మా ఇంట్లోనే ఉండిపోయింది.

అప్పటినుంచి నాకు నిలకడ పోయింది. అంతకుముందు ఉన్నదని కాదు. చిన్నప్పటినుంచీ ఒకచోట కూర్చోలేని మనిషిని. అయితే ఇప్పుడు ఆ కాలు నిలవనితనానికి ఒక పని దొరికింది. బడి నుంచి రాగానే చెప్పులు విడవకముందే బోర్డు ముందుకు పోయేదాన్ని. ఒక పూత, అది ఆరాక దానిమీద ఇంకో పూత, అది ఆరకముందే గీకుడు. ఆక్రిలిక్ రంగు నీళ్లతో కలుస్తుంది కానీ ఒకసారి ఎండిందంటే రబ్బరులా పట్టేస్తుంది, ఇక స్కేలుకు లొంగదు. సూర్యాపేట ఎండల్లో అది ఎండడం ఎంతసేపు! ఈ మూల పూసి ఆ మూలకు పోయేసరికి ఈ మూల బిగుసుకునేది. తడి గోనెసంచి కిటికీకి కట్టి, ఫ్యాను ఆపి, కొంగు నడుముకు చెక్కి పని చేసేదాన్ని. హార్డ్‌వేర్ దుకాణంలో గోడలకు లప్పం పెట్టే ఇనుప పట్టీ ఒకటి కొన్నాను. స్కేలుకంటే అది చేతికి బాగా కుదిరింది. మరీ ఎండిపోయిన చోట ఉప్పు కాగితంతో రుద్దేదాన్ని.

ఒక్కోసారి సాయంత్రానికి బోర్డు మీద ఏదో కుదిరినట్టుండేది. నల్లటి పూత కిందినుంచి నీలం సన్నగా, ఊపిరి తీస్తున్నట్టు కనిపించేది. ఇక ముట్టుకోవద్దు అనుకుని పడుకునేదాన్ని. తెల్లవారి కాఫీ తాగుతూ చూస్తే ఆ నీలం మరీ అందంగా ఉందనిపించేది, ఎవరో మెచ్చుకోవాలని వేసినట్టు. గ్లాసు కింద పెట్టేసి మళ్లీ దానిమీద రంగు పూసేదాన్ని. వేరే బోర్డులు కూడా ఉండేవి కానీ అవి పిల్లలకు నేర్పడానికి వేసే పూలూ పండ్లూ. నా బొమ్మ అదొక్కటే. అది ఎప్పుడూ ఒకలా ఉండేది కాదు.

తొంభైలు మొదలైన కొత్తలో మా ఆయనకు కోదాడ డిపోకు బదిలీ అయింది. సామానంతా లారీలో పంపి, బోర్డును మాత్రం ఆయన తన బస్సులోనే వెనక సీటు పక్కన నిలబెట్టి తెచ్చాడు. నేను దాన్ని పట్టుకుని కూర్చున్నాను. ఆయన టికెట్లు కొట్టుకుంటూ వస్తుంటే ఒక పెద్దమనిషి అడిగాడు.

"ఏం బొమ్మ కండక్టరన్నా ఇది?"

"ఇంక కాలే పెద్దయ్యా. అయినంక ఎరుకయితది," అన్నాడు మా ఆయన, నావైపు చూడకుండా.

కోదాడలో ఇల్లు రోడ్డుకు దగ్గర. పగలంతా లారీలు పోతుంటే కిటికీ రెక్కలు అదిరేవి. ఇంటామె గోడకు అవతలి వాటాలో ఉండేది. కృష్ణా జిల్లా నుంచి వచ్చి స్థిరపడిన మనిషి, మధ్యాహ్నం కునుకు తీసే అలవాటు. మేము దిగిన వారానికే తలుపు కొట్టింది.

"ఏందమ్మాయ్, కాసేపు కన్ను మూద్దామంటే ఆ కిర్రుకిర్రుమనే చప్పుడేంటి? నా గోడల సున్నం గానీ గీకుతున్నావా?"

"గోడ కాదండీ, బొమ్మ."

"బొమ్మను గీకటమేంటి?" అంటూ లోపలికొచ్చి, ముందు గోడలన్నీ తడిమి చూసుకుని, ఆ తర్వాత బోర్డు ముందు నిలబడింది. "ఇంతకీ ఇదేంటి?"

"ఏం కాదండీ."

"ఏమీ కానిదానికి ఇంత గీకుడా!"

నవ్వొచ్చింది ఇద్దరికీ. ఆ మర్నాటినుంచి ఆమె కునుకు మానేసి మా ఇంట్లో కూర్చోవడం మొదలుపెట్టింది. వక్కపలుకు నములుతూ చూసేది. నేను తుడిచేసినవన్నీ ఆమెకు గుర్తుండేవి. "నిన్న ఈ మూల పచ్చగా ఒకటుండేదిగా, తమలపాకంత, దాన్నెందుకు తీసేశావ్?" అని అడిగేది. "అది ఒంటరిగా ఉందండీ" అంటే, "ఒంటరిగా ఉంటే ఏవైందంట?" అని దెబ్బలాడేది. అందరూ ఇదేమిటని అడిగేవాళ్లే. పోయినదాన్ని గురించి అడిగింది ఆమె ఒక్కతే. ఆమె అడిగాక నాకూ ఆ పచ్చ కావాలనిపించి, అదే చోట అదే రంగు పూసి గీకితే, వచ్చింది అది కాదు. సగం రోజు దానితోనే పోట్లాడి చివరకు నలుపుతో కప్పేశాను. ఆమె తన వాటాలోకి వెళ్లి కొంచెం గట్టిగా తలుపు వేసుకుంది.

కొన్నేళ్లకు మిర్యాలగూడ. మళ్లీ బస్సులోనే బోర్డు. పూత మీద పూత పడి అది అప్పటికి నేనొక్కదాన్నే ఎత్తలేనంత బరువైంది. మిర్యాలగూడలో మా ఇల్లు రైసుమిల్లులకు దగ్గర. దండెం మీద ఆరేసిన తెల్లచీర సాయంత్రానికి ఊక నుసితో బూడిదరంగుకు తిరిగేది. ఇంట్లో వెలుతురు చాలక బోర్డును డాబా మీద పెట్టి పూసేదాన్ని. పచ్చి రంగు మీద నుసి వచ్చి పడేది. మొదట్లో గోరుతో ఒక్కొక్కటే ఏరాను. పిచ్చెక్కేది. తర్వాత నుసితో పాటే గీకాను. పట్టీ కింద నుసి దొర్లి సన్నటి గీతలు పడ్డాయి, గాలి పోయిన దారిలా. అవి బాగున్నాయి. ఇంకాస్త బాగుండవచ్చు అనిపించి మళ్లీ పూశాను.

కొత్త బడిలో నా దగ్గర బొమ్మలు నేర్చుకునే ఒక అమ్మాయి తల్లి కాన్పుల డాక్టరు. ఊళ్లోనే చిన్న నర్సింగ్‌హోమ్ పెట్టుకున్నారు. పేషెంట్లు కూర్చునే హాలు గోడ బోసిగా ఉందని, ఏదైనా బొమ్మ కావాలని ఒక ఆదివారం మా ఇంటికి వచ్చారు. నా పూలూ పండ్లూ చూపించాను. ఆమె తల ఊపుతూనే డాబా మెట్ల కింద ఆనించి ఉన్న బోర్డు దగ్గర ఆగారు. ఆ రోజు దానిమీద బూడిదరంగు ఎక్కువ, దాని చీలికల్లోంచి మొదటినాటి ఎరుపు అక్కడక్కడ.

"ఇదియ్యండి టీచర్‌గారూ."

"అది ఇంకా కాలేదండీ."

"ఎప్పటికైతది?"

నేను నోరు తెరిచేలోపే మా ఆయన వెనకనుంచి అన్నాడు. "అయిపోయింది మేడమ్. రేపు రిక్షాల పంపిస్త."

ఆమె వెళ్లగానే ఇంట్లో పెద్ద గొడవ.

"నా బొమ్మ అయిందో కాలేదో మీరెట్ల చెప్తరు?"

"నువ్వు చెప్పవు గదా! మూడు ఊర్లు తిప్పిన దాన్ని. దాని మీద ఎన్ని మంచి మంచి బొమ్మలు పోయినయో నేను సూసిన. నువ్వు ఆపవు. ఎవలన్న ఆపాలె గదా."

"ఆపేదానికి మీరెవరు?"

"నేనెవల్నా?" అన్నాడు. గొంతు తగ్గించి, "మోసినోణ్ని," అన్నాడు.

మర్నాడు రిక్షా వచ్చింది. బొమ్మ పోయింది. డాబా పిట్టగోడ మీద అది ఆనిన చోటు చుట్టూరా రంగు తుంపర్లు మాత్రం మిగిలాయి. రెండు రోజులు మేం మాట్లాడుకోలేదు. చేతులు ఏం చేయాలో తెలియక బియ్యంలో రాళ్లు లేకపోయినా ఏరాను. మూడోనాడు బడి వదలగానే నర్సింగ్‌హోముకు పోయి, ఎవరికోసమో వచ్చినదానిలా బల్ల మీద కూర్చుని చూశాను. గోడకు స్క్రూలతో బిగించేశారు. దాని ముందు మనుషులు కూర్చుని టిఫిన్ డబ్బాలు విప్పుకుంటున్నారు. కింద కుడివైపు నలుపు ఎక్కువైంది. వేళ్లు గుంజాయి.

నెల తిరక్కుండానే డాక్టరుగారు కబురు పెట్టారు. వెళ్తే తన గదిలో కూర్చోబెట్టి, కాస్త ఇబ్బంది పడుతూ చెప్పారు.

"కాన్పుకొచ్చినోళ్లు ఆ ఎరుపు చూసి పరేషానయితున్నరండీ. నెత్తురు లెక్క ఉన్నదంటున్నరు. మొన్న ఒక ముసలామె కోడలిని తీసుకుని వేరే దవాఖానకు పోతానని లేచింది. దించుడు నాకిష్టం లేదు. ఆ ఎరుపు జర తగ్గిస్తరా?"

వేసినవాళ్లకు మనసు చివుక్కుమనాల్సిన మాటే అది. నాకు మాత్రం పట్టరాని సంతోషం. "రేపే వస్తనండీ," అన్నాను.

బోర్డు దించడం కుదరదు కాబట్టి హాల్లోనే పని. మధ్యాహ్నం, ఓపీ అయిపోయి మనుషులు పలచబడ్డాక, కింద పాత పేపర్లు పరిచి, బకెట్టు, ట్యూబులు, పట్టీ పెట్టుకున్నాను. ఎరుపు మీద పలచగా తెలుపు కలిసిన బూడిద పూసి, అది పట్టుకోకముందే గీకాలి. నెత్తి మీద ఫ్యాను గిర్రున తిరుగుతోంది, రంగు క్షణాల్లో బిగుస్తోంది. నర్సును అడిగి ఫ్యాను ఆపిస్తే బల్లల మీదివాళ్లంతా ఒక్కసారే లేచారు. "గోడకు రంగేసుడు కోసం మమ్మల్ని ఉడకబెడ్తరా!" అని ఒకాయన. మళ్లీ ఫ్యాను వేయించాను. ఉరుకులు పరుగులుగా గీకాను.

రెండోనాడు కూడా అదే. ఆ రోజు హాల్లో ఒకామె మాత్రం కూర్చోకుండా తిరుగుతోంది. నాకంటే కాస్త పెద్దది. చేతుల నిండా తెల్లటి గాజులు. పెన్‌పహాడ్ అవతల తండా నుంచి వచ్చిందట. నర్సులు ఆమెను పెన్‌పహాడామె అనే పిలుస్తున్నారు. గుమ్మం దాకా పోవడం, లోపలి తలుపు వైపు చూడడం, ఏదో గొణుక్కోవడం, మళ్లీ గుమ్మం దాకా పోవడం. ఒక తిరుగుడులో నా వెనక ఆగింది.

"చెల్లె, గా బొమ్మను తుడుస్తున్నవా, పూస్తున్నవా?"

"రెండూ."

"లోపల నా బిడ్డ ఉన్నది. పొద్దటి సంది నొప్పులు. ఏమడిగినా సూద్దాం సూద్దాం అంటున్నరు."

"అయితది లేమ్మా. డాక్టరమ్మ మంచిది."

"మంచిదే," అంది. కాసేపు నా చేతిని చూసింది. "జర నాకియ్యి గా పట్టీ. ఉత్తగ ఉంటే నా పానం ఆగుతలేదు."

ఎందుకిచ్చానో ఇప్పటికీ చెప్పలేను. ఆ పట్టీని నేను మా ఆయనను కూడా ముట్టనిచ్చేదాన్ని కాదు. ఆమె దాన్ని తిరగేసి మూల మొనతో, నేనెప్పుడూ నొక్కనంత గట్టిగా నొక్కి, అడుగంటిన గిన్నెను గీకినట్టు మొదలుపెట్టింది. పైపూత రాలింది. నలుపు రాలింది. నేను కోదాడలో కప్పిపెట్టిన పచ్చ ఒక మెరుపు మెరిసి పొడిగా రాలింది. లోపలినుంచి కేక వినిపించింది. ఆమె చేయి ఇంకా గట్టిగా నొక్కింది. ఏళ్లనాటి పూతలన్నీ చీల్చుకుని గోధుమరంగు హార్డ్‌బోర్డు బయటికొచ్చింది. పైనుంచి కిందికి, వంకరగా, మూరెడు గాటు. ఆపమని చేయి చాచాను. ఇంకో కేక వినిపించింది. చాచిన చేయి వెనక్కి తీసుకున్నాను.

"పెన్‌పహాడామె ఎవలు? జర లోపలికి రా అమ్మా, ఆపరేషన్ చెయ్యాలె," అని నర్సు వచ్చింది. ఆమె పట్టీతోనే పరుగెత్తబోతే నర్సు ఆమె చేతిలోంచి దాన్ని తీసి నాకిచ్చింది. ఆపరేషన్ కాగితం మీద వేలిముద్ర వేయించుకోవడానికి ఆమెను లోపలికి తీసుకుపోయారు.

నేను పూసిన బూడిద ఈలోపు ఎండిపోయింది. దాన్నిక ఏమీ చేయలేను. సామాను సర్దుకుని ఇంటికి పోవాలి. పోలేకపోయాను. బల్ల మీద కూర్చున్నాను. లేచాను. ఆమె తిరిగిన చోటనే నేనూ తిరిగాను. డ్యూటీ దిగి నన్ను పిలుచుకుపోవడానికి వచ్చిన మా ఆయన ముందు నన్ను చూశాడు, తర్వాత బొమ్మను చూశాడు.

"గిది నువ్వు గీకింది కాదు," అన్నాడు వెంటనే.

జరిగింది చెప్పాను. బయటికి పోయి రెండు చాయ్‌లు తెచ్చాడు. ఇద్దరం కూర్చున్నాం. మాకు ఏమీ కాని మనిషి కోసం ఇద్దరం ఆ లోపలి తలుపునే చూస్తూ కూర్చున్నాం.

పొద్దు గుంకుతుండగా తలుపు తెరుచుకుంది. ఆడపిల్ల. తల్లీ పిల్లా ఇద్దరూ బతికారు. పెన్‌పహాడామె బయటికొచ్చి గోడకు ఆనుకుని కిందనే కూలబడి, కాసేపు నవ్వి, కాసేపు ఏడ్చి, "నీళ్లున్నయా?" అని అడిగింది. మా ఆయన బాటిల్ ఇచ్చాడు. బొమ్మ వైపు ఆమె చూడనే లేదు.

మర్నాడు ఆ గాటు కప్పడానికి రంగులు కలుపుకుని వెళ్లాను. డాక్టరుగారు గుమ్మంలోనే ఆపారు.

"ఇగ చాలండీ. ఎరుపు బాగా తగ్గింది. ఈ దుమ్ముకు పసిపిల్లలు తుమ్ముతున్నరు."

"ఆ ఒక్క గీత సరిచేసి పోతనండీ."

ఆమె అద్దాలు సవరించుకుని బొమ్మను పైనుంచి కిందికి చూశారు. "ఏ గీత?"

చూపిద్దామని వేలెత్తి, దించేశాను. ఆమె కళ్లకు అది మిగతా గీతల్లో కలిసిపోయింది. నా కళ్లకు తప్ప ఎవరికీ అది తేడాగా లేదు. కలిపిన రంగు ఇంటికి తెచ్చి మోరీలో పోశాను. ఆ గాటు బొమ్మకు మంచి చేసిందో చెడు చేసిందో నాకు తెలియలేదు. బడికి పోయే దారిలో ఆ నర్సింగ్‌హోము మీదుగా పోవడం మానేసి చాలా రోజులు చుట్టుదారిలో నడిచాను.

పిల్లకు సూదులు వేయించడానికి ఆ పెన్‌పహాడామె, కూతురూ వచ్చిన రోజున మాత్రం అనుకోకుండా అక్కడే ఉన్నాను, అక్కడ కాన్పుకు చేరిన తోటి టీచరును చూడటానికి పోయి. ఆమె నన్ను గుర్తుపట్టలేదు. కూతురికి గోడను చూపిస్తోంది.

"అగో, గది నేనే గీకిన."

పిల్లను ఎత్తుకున్న కూతురు విసుక్కుంది. "ఎందుకే? మంది బొమ్మ నీకెందుకు?"

"ఏం చెయ్యాలె మరి, నువ్వు లోపల ఒర్రుతుంటే!"

కూతురు బొమ్మకు దగ్గరగా పోయి, పిల్లను ఆ చంకలోంచి ఈ చంకకు మార్చుకుని, ఆ గాటును బొటనవేలితో పైనుంచి కిందిదాకా రాసింది. తర్వాత నర్సు పిలిస్తే లోపలికి పోయారు.

నేను తోటి టీచరును కూడా చూడకుండా బయటికొచ్చి, నేరుగా హార్డ్‌వేర్ దుకాణానికి పోయి కొత్త బోర్డు కొన్నాను. దానిమీద కూడా పూతలు పడ్డాయి, పోయాయి. అది కూడా ఎన్నడూ కుదురుగా ఉండలేదు. తర్వాత మేం సూర్యాపేటకు తిరిగొచ్చేశాం.

తొంభైల చివర్లో ఒకసారి పని మీద మిర్యాలగూడ పోయినప్పుడు డాక్టరుగారు కొత్త బిల్డింగు కట్టుకున్నారని విని లోపలికి వెళ్లాను. బొమ్మను అక్కడికి కూడా తెచ్చారు. పైకి పోయే మెట్ల మలుపులో పెట్టారు. కింది సగానికి అడ్డంగా మంచినీళ్ల డ్రమ్ము, ఆ గాటు దాని వెనక పడింది. దాన్ని పక్కకు జరపాలనిపించి రెండు చేతులూ వేశాను, కదల్లేదు. పైనుంచి దిగుతున్న నర్సు ఆగి చూసింది.

"ఎవలు కావాలమ్మా?"

"ఎవలు లేరు," అన్నాను. ఇద్దరు ముగ్గురు నీళ్లకోసం గ్లాసులు పట్టుకుని నా వెనక నిలబడ్డారు. వాళ్లకు దారిచ్చి, మెట్లు దిగి, సూర్యాపేట బస్సు కదులుతుంటే పరుగెత్తి ఎక్కాను.